రీమ్ మెడకు కట్టిన పిలుపు

కూర్చో హారికా. అలా గోడకు చేరగిలబడి కాదు, ఇటు తిరిగి, నా ఎదురుగా కూర్చుని సరిగ్గా విను. ఆ ఫోను బోర్లా పెట్టి పెన్ను పట్టుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో నీ కాలేజీ తెలివి కలపొద్దు. కాస్త ఆగు, ఆ చప్పుడు పోనీ. వినపడుతోందా? వీధి చివర ఇసుక టిప్పరు వెనక్కొస్తోంది, కీక్ కీక్ కీక్‌మని. ఎదురింటివాళ్లు మిద్దె మీద మిద్దె లేపుతున్నారు కదా, వారంగా ఇదే వరస. పొద్దున నువ్వు అడిగావే, "జేజీ, ఆ బండి అరిచినప్పుడల్లా నోటి దాకా వచ్చిన ముద్ద ఎందుకు కింద పెడతావు?" అని. నవ్వుతూ అడిగావు. నేనూ ఏదో పంటి నొప్పి అన్నాను. పంటి నొప్పి కాదమ్మా. అది చెప్పాలంటే లచ్చన్న గురించి చెప్పాలి. లచ్చన్నను ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు, ఇక చూడబోరు కూడా. అందుకే రాయమంటున్నాను.

నేను కతార్‌లో వంట పనికి ఉన్నప్పటి సంగతి. దోహాలో అల్ హిలాల్ అనే పేటలో మా యజమాని ఇల్లు. ఆయన్ను బాబా అనేవాళ్లం, ఆయన భార్యను మామా. చలికాలం వచ్చిందంటే కుటుంబమంతా దుఖాన్ దారిలో ఉన్న తోటకు మకాం మార్చేది. గిన్నెలూ గరిటెలతో పాటు నేనూ. ఫుట్‌బాల్ పండగ వస్తోందని ఆ దేశమంతా తవ్వి పోస్తున్న రోజులవి. లచ్చన్నది జగిత్యాల వైపు పల్లె. ఏదో కంపెనీలో సైటు పనికి వచ్చి, పరంజా మీద నుంచి పడి, కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవకుండా అయిపోయాడు. ఊళ్లో వాళ్లది గొర్ల మంద, కుక్కల సంగతి తెలుసని ఎవరో చెబితే, బాబా తీసుకొచ్చి తోటలో వేటకుక్కల దగ్గర పెట్టాడు. కుక్కలు అన్నానా? ఆ మాట అక్కడ అనకూడదు, సలూకీ అనాలి. వాళ్లకు కుక్క వేరు, సలూకీ వేరు. కుక్కను గడప తొక్కనివ్వరు, సలూకీని పరుపు మీద పడుకోబెట్టుకుంటారు.

తోటలో నా వంటగది గోడకు ఒక కరెంటు గంట ఉండేది. మామాకు ఏది కావాలన్నా లోపల మీట నొక్కేది, ఇక్కడ అది గీమని అరిచేది. అరిచిన ప్రతిసారీ నా ఒళ్లు జలదరించేది. వెళ్తే తిట్టే, వెళ్లకపోతే ఇంకా తిట్టే. ఒకసారి అలాగే ఉలిక్కిపడి మరిగే టీ చేతిమీద ఒలకబోసుకున్నాను. సలూకీల కూటికి పిండి తీసుకుపోవడానికి వచ్చిన లచ్చన్న నా చెయ్యి పట్టుకెళ్లి కుళాయి కింద పెట్టాడు.

"ఏందే చెల్లె, గంటకు గంత గజగజ వణుకుతవు? మా గొర్లే నయం, మెడల గంట గట్టినా బెదరవు."

"మీ గొర్రెలకు అరబ్బీలో తిట్లు పడవులేన్నా," అన్నాను మంట ఓర్చుకుంటూ.

"పడ్డా సమజ్ గావు వాటికి. నీకు సమజైతానయి, గదే నీ కర్మ," అని నవ్వాడు. ఆ ఎడారిలో నా భాషలో నన్ను చూసి నవ్విన మొదటి మనిషి. అతని భాష వేరు, నా భాష వేరు అనుకో, అయినా నాదే అనిపించింది.

అతను సలూకీలకు కూడు పెట్టేది చూడాలి నువ్వు. ఖర్జూరాలు, జొన్నపిండి, కాస్త పాలు కలిపి పిసికి, ఉండ చేసి ఎడమ చేతిలో పెట్టుకున్నాకే నోరు తెరిచి పిలిచేవాడు: "దా బిడ్డా, దా." చెయ్యి నిండకుండా ఒక్కసారి కూడా పిలవలేదు. ఎందుకన్నా అని అడిగితే చెప్పాడు. ఇది జాగ్రత్తగా రాయి, వాడి మాటలే రాయి. "ఖాళీ చేతితోని పిలువద్దు చెల్లె. ఒక్కపారి మోసం జేసినవనుకో, రెండోపారి నీది పిలుపు గాదు, ఉత్త సప్పుడే. పిలుపంటె పోవాలనిపియ్యాలె, పోవాల్సొస్తదని గాదు." తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు గూడ గంట మోగంగనె ఉత్త చేతుల్తోని ఉరుకకు. మంచినీళ్లో, చాయో, ఏదన్న పట్టుకపో," అన్నాడు. అలాగే చేశాను. గ్లాసు చేతిలో ఉంటే చెయ్యి వణకదు తెలుసా, ఒలుకుతుందన్న ధ్యాసలో భయం పక్కకు పోతుంది. మామా కూడా నీళ్లు చూసి సగం తిట్లు మింగేది. అట్లా నెమ్మదిగా మనిషినయ్యాను నేను. ఇప్పుడు నేను కేకేసి పిలిస్తే మీ అమ్మ బెదరదంటే, ఆ పుణ్యం లచ్చన్నది.

ఇక రీమ్. రీమ్ అంటే వాళ్ల భాషలో జింక. గోధుమరంగు ఆడ సలూకీ, సన్నటి నడుము, చర్మం ఎంత పల్చన అంటే నరాలు లెక్కపెట్టొచ్చు. లచ్చన్న దాన్ని పిల్లప్పటి నుంచి సాకాడు. పరిగెత్తితే నేల మీద ఉందో గాలిలో ఉందో తెలిసేది కాదు. ఒక్కటే లోపం. కుందేలు కనబడిందంటే దానికి చెవులు ఉండవు. ఎంత పిలిచినా తిరిగి రాదు, ఎప్పుడో దానంతట అది రావాలి. ఇంతకు ముందైతే అది పెద్ద మాట కాదు, ఖాళీ ఎడారే కదా. ఆ ఏడు మాత్రం తోటకూ వేట మైదానానికీ నడుమ కొత్త రోడ్డు పడుతోంది. పక్క తోటవాళ్ల సలూకీ ఒకటి అప్పటికే కారు కింద పడింది. బాబా చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "లచ్చన్, రోడ్ వాజిద్, లారీ వాజిద్," అన్నాడు. వాజిద్ అంటే బోలెడు. "రీమ్ తిరిగి రావడం నేర్చుకుంటే వేట. లేకపోతే మాఫీ, వేట లేదు. ఇంటి దగ్గర గొలుసు." అని, కరెంటు పట్టీ ఒకటి కొనుక్కురమ్మన్నాడు. మెడకు కట్టేది. మన చేతిలో రిమోట్ ఉంటుంది, నొక్కితే అక్కడ షాక్ కొడుతుంది.

"గొలుసంటె సావే చెల్లె దానికి," అన్నాడు లచ్చన్న. ఆ రాత్రి నేను పెట్టిన అన్నం కెలికాడే తప్ప తినలేదు.

బజారులో వేట సామాన్ల కొట్టుకు వెళ్లాం, మసాలాల కోసం నేను, పట్టీ కోసం తను. కొట్టతను మలయాళీ, హిందీలో గడగడ మాట్లాడేవాడు. మూడు రకాలు బల్లమీద పరిచాడు. ఒకటి లావుపాటిది, పొడుగు ఇనుప ములుకులతో, బొచ్చు కుక్కలకట. "దీని తోలుకు గది దిగుతె రంధ్రమే," అని లచ్చన్న పక్కకు నెట్టాడు. రెండోదానికి ములుకులు పొట్టివి, షాక్‌తో పాటు వణుకు కూడా ఉంది, కానీ కొద్ది దూరమే పనిచేస్తుందట. "సలూకీ రెండు అంగలేస్తె దీని దేశం దాటిపోతది." మూడోది తేలిక, చాలా దూరం అందుతుంది, షాక్, వణుకు, వాటితో పాటు ఒక కూత కూడా ఉంది. కొట్టతను మీట నొక్కి చూపించాడు. కీక్ కీక్ కీక్. నేను బెదిరి రెండడుగులు పక్కకు గెంతాను.

"క్యా హువా అమ్మా?"

"బండి ఏదో వెనక్కొస్తాందనుకుంటి!" అన్నాను. లచ్చన్న, కొట్టతను ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఊరంతా టిప్పర్లే కదా మరి, ఎవరికైనా అట్లాగే అనిపించదూ?

లచ్చన్న మూడోదే తీసుకున్నాడు. కానీ దాని ములుకులు రెండూ విప్పేయమన్నాడు. అవి లేకపోతే షాక్ తగలదని కొట్టతను మొత్తుకున్నాడు. "గందుకే తియ్యమంటాన. నాకు కూత సాలు భాయ్," అన్నాడు లచ్చన్న. వాటిని చొక్కా జేబులో వేసుకుని నాతో అన్నాడు, "పరంజ మీద నాకు కరెంటు తాకితెనే పడ్డ చెల్లె. గా సంగతి ఎరికుండి దాని మెడకెట్ల గడుత?"

ఎలా నేర్పాడంటే, కూత నొక్కడం, ఖర్జూరపు ఉండ పెట్టడం. మళ్లీ నొక్కడం, మళ్లీ పెట్టడం. ఒక్కసారి కూడా మోసం చేయలేదు. రోజురోజుకూ దూరం పెంచాడు. చివరకు మైదానం ఆ కొసన చుక్కలా కనిపించే రీమ్ మెడలో కూత మోగగానే గిర్రున తిరిగి, చెవులు ఎగరేసుకుంటూ వచ్చి అతని ఎడమ చేతిలో మూతి పెట్టేది. బాబా చూసి లచ్చన్న భుజం తట్టాడు. గొలుసు మాట మళ్లీ ఎత్తలేదు. ఆ వారమంతా లచ్చన్న నా వంటలో వంకలు పెడుతూ తెగ తిన్నాడు, అంటే అంత సంతోషంగా ఉన్నాడన్నమాట. ఒక సాయంత్రం కొత్త రోడ్డు మీద ఎక్కడో టిప్పరు వెనక్కొస్తుంటే, రీమ్ లేచి నిలబడి అటే చూస్తూ తోక ఊపింది. నేను పడీపడీ నవ్వాను.

"ఏందన్నా, ఆ లారీ గూడా దానికి కూడు పెడ్తాదనుకుంటాందా?"

"పెట్టనియ్యి, నీ వంట కన్న నయముంటది," అన్నాడు లచ్చన్న.

రాశావా? రాయి. అది కూడా రాయాలి.

ఆ ఏడు మొదటి వేట రోజు పొద్దున చలిగా ఉంది. నేను టీ ఫ్లాస్కులతో బండి దగ్గర ఉన్నాను. రీమ్‌ను వదిలారు, కుందేలు తప్పించుకుంది, లచ్చన్న నొక్కాడు. తిరిగింది నా తల్లి. చక్కగా వస్తోంది. సగం దారిలో ఉండగా కొత్త రోడ్డు మట్టికట్ట అవతల టిప్పరు వెనక్కి కదిలింది. కీక్ కీక్ కీక్. రీమ్ ఆగింది. మెడలో ఒక పిలుపు, అవతల దానికన్నా పెద్ద పిలుపు. లచ్చన్న మళ్లీ నొక్కాడు, అదే కూత. ఇంకా గట్టిగా నొక్కాడు, అదే కూత. ఇక రిమోట్ పారేసి, "దా బిడ్డా! దా!" అని గొంతు చించుకున్నాడు. అది మట్టికట్ట వైపు తిరిగింది. భయపడి పారిపోలేదు హారికా. తోక ఎత్తి, చెవులు ఎగరేసి, అన్నానికి పోయినట్టు పోయింది. కట్ట దాటింది. తర్వాత ఆ కూత ఆగిపోయింది. టిప్పరు నడిపే కుర్రాడు తలమీద చేతులు పెట్టుకుని దిగి రావడం నేను చూశాను. లచ్చన్న ఎడమ చేతిలో ఖర్జూరపు ఉండ వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

బాబా తిట్టలేదు. "ఖలాస్," అని ఒక్క మాట అని బండెక్కాడు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం లచ్చన్న వంటగది గుమ్మం దగ్గరకు వచ్చి జేబులోంచి ఆ రెండు ములుకులు తీసి నా అరచేతిలో పెట్టాడు. "గివ్వి ఉంచితె బతుకుతుండె చెల్లె. ఒక్కపారి సురుక్కుమంటె ఆగిపోతుండె. నేనే మంచోన్నని తీయించిన." నిజమే కదా. వాటిని గుడ్డముక్కలో చుట్టి దాచాను.

కొత్త సలూకీ వచ్చింది, కొత్త పట్టీ వచ్చింది, ములుకులతోనే. లచ్చన్న నొక్కమంటే నొక్కేవాడు. అది తోక ముడుచుకుని వచ్చేది, ఒక్కసారి కూడా తప్పిపోలేదు. అతను దాని ముఖం చూసేవాడు కాదు. నేను "అన్నా, అన్నానికి రా" అని పిలిస్తే వచ్చేవాడు కాదు. పళ్లెం తీసుకెళ్లి పక్కన పెట్టి రావాల్సిందే. ఫుట్‌బాల్ ఆటలు మొదలవకముందే అతన్ని ఊరికి పంపించేశారు. అల్ హిలాల్ ఇంట్లో టీవీ నిండా దీపాలు, బాణసంచా, ఇంటిల్లిపాదీ కేకలు వేస్తుంటే, నేను వంటగదిలోంచి లచ్చన్న భార్యకు ఫోన్ చేశాను. "ఏమో అక్కా, దుబాయ్‌ల ఏమైందో ఏమో, పిలిస్తె పలుకడు," అంది ఆమె, వాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. "దవఖానల సూపిచ్చినం. చెవులు మంచిగనే ఉన్నయంట." ఆ తర్వాత ఏడాదికే పోయాడని తెలిసింది.

ఆ వక్కాకు సంచి ఇలా ఇవ్వు. అడుగున చూడు, గుడ్డముక్కలో ఉన్నాయి. ఇవే ఆ ములుకులు. ఇంతేనా అనిపిస్తుంది కదూ, బొత్తాములంత. పట్టుకో, గుచ్చుకోవు. నేను ఇవీ దాచుకున్నాను, లచ్చన్న మాటా దాచుకున్నాను. తిరిగొచ్చాక మీలో ఒక్కరినైనా ఖాళీ చేత్తో పిలిచానా చెప్పు? బెల్లంముక్కో, వేరుశనగలో, ఏదో ఒకటి ఉంటుంది. కానీ మీరు బళ్లు తిరిగే రోడ్డు మీదకు పోయినప్పుడల్లా ఈ సంచి గుర్తొస్తుంది. అంత నమ్మకం పిల్లలకు నేర్పొచ్చా, కాస్త భయం మిగల్చాలా అని ఇన్నేళ్లుగా అడుగుతున్నాను, చెప్పేవాడు లేడు. లచ్చన్నది తప్పంటే నేను మనిషినైందీ తప్పే అవుతుంది. తప్పు కాదంటే మరి రీమ్...

"అత్తా! ఓ అత్తా! అన్నం సల్లారిపోతాంది, ఇద్దరూ రాండి!"

వస్తాండాం లేమ్మా! లే, మీ అమ్మ పిలుస్తోంది. మిగతాది తినొచ్చాక... లేదు, ఈ ఒక్క ముక్క రాసేసుకో: ఎవరైనా అన్నానికి పిలిస్తే, నువ్వు లేచే ముందు ఆ పిలుపు ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక్కసారి చూసుకో.