సూదిమొనంత గుంట

మా ఉస్తాద్ పోయాడని మొన్న కోదాడ నుంచి ఫోను వచ్చింది. అప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లులో ప్యానెల్ బోర్డు విప్పుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన బతుకులో సగం కిటికీ లేని గదిలో అయిపోయింది. ఆ గది నాకు తెలుసు. నేనూ అందులోనే ఉన్నాను.

కరెంటు రాగానే పొలంలో మోటరు దానంతటదే నడిచే ఆటో స్టార్టర్లు కోదాడలో మా సేటు దుకాణంలో తయారయ్యేవి. లోపలి సర్క్యూట్ బోర్డులు వెనక గదిలో మేమిద్దరమే చేసేవాళ్లం. రాగి రేకు అతికిన పలక మీద ఉస్తాద్ పెయింటుతో గీతలు గీసేవాడు. ఆసిడ్‌లో వేస్తే పెయింటు లేని రాగి కరిగిపోయేది. తర్వాత గుండుసూదంత సన్నటి డ్రిల్లు బిట్టుతో రంధ్రాలు. పొడి లేస్తుందని ఫ్యాన్ వేసేవాళ్లం కాదు. తలుపు తీస్తే ఆసిడ్ వాసనకు గిరాకీ పారిపోతుందని సేటు అరిచేవాడు.

నేను పుస్తకాలు చూసి పని నేర్చుకున్నవాణ్ణి. నా బిట్టు రాగి మీద జారి పటుక్కున విరిగేది.

"దాని మీద కోపం సూపకురా. కూసునే జాగ ఇయ్యి, అదే కూసుంటది," అన్నాడు ఉస్తాద్.

రంధ్రం పడాల్సిన చోట గుండ్రటి చుక్క పెట్టి, నడుమ సూదిమొనంత పెయింటు గీకేసేవాడు. అక్కడ ఆసిడ్ తిని చిన్న గుంట చేసేది. బిట్టు అందులో దిగితే ఇక కదలదు. నాకు ఎవరూ ఏమీ నేర్పలేదని అందరితో అంటుంటాను. ఆయన విషయంలో అది అబద్ధం.

కొన్నాళ్లకు ఆయన చూపు తగ్గింది. తెలిస్తే సేటు ఇంటికి పంపేస్తాడని చెప్పలేదు. గీతలు నేను గీసేవాణ్ణి. ఆయన బిట్టు మొనను మెల్లగా జరిపి, గుంట తగలగానే స్విచ్ నొక్కేవాడు.

ఇంతలో సేటు కంప్యూటర్‌లో గీయించిన డిజైన్ తెచ్చి, ఇక గీయొద్దు, పలకల మీద దాన్నే అచ్చు వేయమన్నాడు. అందులో చుక్కలన్నీ నిండుగా ఉన్నాయి, నడుమ ఖాళీ లేదు, ఆసిడ్‌కు గుంట పడదు. ఆ పూట ఉస్తాద్ బిట్లు వరసగా విరిగాయి. మర్నాటి నుంచి ఆయన చాయ్‌కి వెళ్లినప్పుడల్లా నేను ప్రతి చుక్క మీదా దబ్బనం పెట్టి సుత్తితో తట్టాను. అప్పుడే నాకు ఈ మిర్యాలగూడ మిల్లులో పని వచ్చింది. నేను పోతే ఆయన దొరికిపోతాడు. పోలేదు. పళ్లు కొరుక్కుంటూ గుంటలు పొడిచాను.

ఒకరోజు ఆయన బోర్డు మీద బొటనవేలు ఆనించాడు.

"గిది ఆసిడ్ తిన్న గుంట కాదు, అంచు కుచ్చుకుంటున్నది. దబ్బనమా?"

నేను దబ్బనం జేబులోకి తోశాను.

"మిల్లుల పని వచ్చిందట గద. ఎందుకు పోలే?"

"నీకు కండ్లు మంచిగుంటే పోయేటోణ్ణి."

నవ్వాడు. "నోరు గట్లనే ఉంచుకో. ఆడ పనికొస్తది."

లేచి, తలుపు తీసి, గిరాకీ ముందే అన్నాడు: "సేటూ, నాకు కండ్లు కనవడ్తలేవు. శాన దినాలైంది. పిలగాణ్ణి ఇగ ఆపకు."

"మజాక్ చేస్తున్నవా?"

"గోడకు గడియారం ఉన్నది గద. టైమెంతో నన్నే అడుగు."

సేటు గడియారం వైపు చూశాడు. అడగలేదు.

ఉస్తాద్ మిట్టమధ్యాహ్నం ఎండలోకి దిగాడు. వెంట పరుగెత్తి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. "ఎన్క రాకు. నీ బస్సు పోతది."

హైవే పక్కన వరసగా లారీలు ఆగి ఉన్నాయి. కాలుతున్న లారీ డొక్క మీద వేళ్లు ఆనించుకుంటూ నడిచాడు. లారీ అయిపోయిన చోట చెయ్యి గాలిలో చాచి, రెండో లారీ తగిలేదాకా తడిమి, మళ్లీ ముందుకు నడిచాడు.