బ్రేకు మాస్టారి వంతు

కారు నడపడం నేర్పే మాస్టారికి తన పక్క కూడా ఒక బ్రేకు ఉంటుంది. మన మాస్టారు కారు దిగాక కూడా దాన్ని వదిలేవాడు కాదు. ఎదుటివాళ్లు నోరు తెరిచి రెండు మాటలు అనేసరికి మూడోది ఆయనే అందుకునేవాడు. అందుకే వీధంతా ఆయన్ని బ్రేకు మాస్టారనేది.

ఆదివారాలు ఆయన సైకిల్ షాపు మీది మేడగదిలో బౌద్ధుల ధ్యానానికి వెళ్లేవాడు. చాప పరుచుకోవడం, బుద్ధుడి బొమ్మకు నమస్కరించడం అన్నీ శ్రద్ధగానే చేసేవాడు. ధ్యానం అయ్యాక సాగే కబుర్లలో మాత్రం ఆయనదే రాజ్యం. ఎవరైనా మోకాళ్ల నొప్పి అన్నారంటే చాలు, నూనె దగ్గర్నుంచి డాక్టరు దాకా ఏకరువు పెట్టేవాడు.

బౌద్ధులు మూడు నెలలు పాటించే వానాకాలపు దీక్ష ముగిసిన రోజున, ఆ గది నడిపే పెద్ద భిక్షుణి అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది.

"ఈ రోజు ఒక్కొక్కరూ, 'నాలో మీరు చూసిన తప్పు చెప్పండి' అని మిగతావాళ్లని అడగాలి. చెప్పేవాళ్లు దయతో చెప్పాలి. అడిగినవాళ్లు విని నమస్కారం పెట్టాలి. సంజాయిషీలు ఉండవు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అక్కడున్న ప్రతివాళ్లకీ చెప్పాల్సినవి ఆయన దగ్గర బోలెడున్నాయి.

ముందు భిక్షుణే చేతులు జోడించి అడిగింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు ధ్యానంలో కునుకు తీస్తున్నారు. పోయిన వారం గురక కూడా వినబడింది."

అందరూ తలలు దించుకున్నారు. భిక్షుణి మాత్రం తేలిగ్గా నవ్వేసింది. "నిజమే నాయనా. నాకూ అనుమానంగానే ఉంది. మంచి మాట చెప్పావు" అని వంగి నమస్కరించింది. "ఇక నువ్వు అడుగు."

ఆయన ధీమాగానే అడిగాడు. మహా అయితే మంచితనం కాస్త ఎక్కువంటారు, అంతే కదా అనుకున్నాడు. చూస్తే దాదాపు అందరి చేతులూ లేచి ఉన్నాయి.

ముందు దర్జీ ఆవిడ మొదలుపెట్టింది. "ఏం లేదన్నయ్యా, మేం ఏదైనా చెప్పబోతే మీరు పూర్తిగా..."

"విననంటావు, అంతేగా?"

గది గొల్లుమంది. భిక్షుణి కాషాయం అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

దర్జీ ఆవిడ నవ్వాపుకుంది. "మా అమ్మ పోయిందని చెప్పబోయిన రోజున, కుట్టుమిషనుకి మోటారు పెట్టించుకోమని చెప్పడం మొదలుపెట్టారు. నేను చెప్పకుండానే వెళ్లిపోయాను."

ఈసారి ఆయన చివరిదాకా విన్నాడు. మెల్లగా చేతులు జోడించాడు.

ఇంటికెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడి భార్యనూ అదే అడిగాడు. ఆవిడ కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. చెప్పు, మధ్యలో మాట్లాడను."

"ఒట్టు?"

"ఒట్టు."

"నేను కారు నేర్చుకున్నాను. ఎదురు వీధి డ్రైవింగ్ స్కూల్లో. లైసెన్సు కూడా వచ్చింది. మీ పక్కన కూర్చుంటే గేరు మార్చేలోపే నాకు ఏడుపొచ్చేది. ఆ మాస్టారు పాపం నోరెత్తడు."

ఎదురు వీధి స్కూలంటేనే ఆయనకు ఒళ్లుమంట. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని గ్లాసుడు మంచినీళ్లతో మింగి, నమస్కారం పెట్టాడు. ఆవిడకి నవ్వాగలేదు.

మరుసటి ఆదివారం ఆవిడే కారు తోలింది. ఆయన దారి పొడవునా పెదవులు బిగించి కూర్చున్నాడు. ఒక మలుపు దగ్గర మాత్రం దగ్గొచ్చింది. ఆవిడ ఓరగా చూసేసరికి అదీ తగ్గింది.

మెట్ల దగ్గర భిక్షుణి ఎదురైంది. "అమ్మాయి భలే నడిపిందే. ఎవరు నేర్పారు?"

మాస్టారు ఆ ప్రశ్న తనది కానట్టు, చెప్పులు విడవడంలో మునిగిపోయాడు.