బగ్దల్ ఇంటికి కుట్టిన బొంత

టైరు పగిలిందన్న మాటను రాచమ్మ ఒక్క రోజైనా నమ్మిందా? ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఒక్క సంగతి తేలలేదు. మిగతాదంతా తెలిసిందే.

హైదరాబాదు పడమటి వైపు ఆకాశంలోకి పెరుగుతున్న రోజులవి. గచ్చిబౌలి అవతల గుట్టలు చదునవుతున్నాయి, పునాదులు లేస్తున్నాయి, మట్టి మోసేవాళ్ళు ఎంతమంది వచ్చినా చాలడం లేదు. బీదరు వైపు ఔరాద్ సంతకు వచ్చినవాళ్ళలో సగం మంది సరుకు కొనడానికి కాక, హైదరాబాదు బండెక్కడానికే వచ్చేవారు. వాళ్ళను మోసిన బండ్లలో సంసోను నడిపే జీపు ఒకటి. బండి సేటుది. స్టీరింగు మాత్రం పన్నెండేళ్ళుగా సంసోనుదే. పది మంది పట్టే చోట పద్దెనిమిది మంది. పైన క్యారియరు మీద పారలు, తట్టలు, చాపచుట్టల్లా చుట్టి తాళ్ళతో బిగించిన బొంతలు. ఎవరి బొంత వాళ్ళు తెచ్చుకునేవారు. ఇంకా కిటికీలు పెట్టని ఇంట్లో, సిమెంటు నేల మీద పడుకోవాలి కదా.

ఆ యేడు జూన్‌లో సంసోను మూడు రోజుల్లో నాలుగు ట్రిప్పులు తోలాడు. జహీరాబాదు దాటాక, పొద్దు పొడిచే వేళ, జీపు పల్టీ కొట్టింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. బగ్దల్ ఊరివాడు గురునాథ్ అక్కడికక్కడే పోయాడు. తాళ్ళు తెగి బొంతలన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. వాటిలోనే ఒకటి తీసి అతని మీద కప్పారు.

టైరు పగిలిందన్నాడు సేటు. కాగితాల్లోనూ అదే రాశారు. తలకు కట్టుతో మంచం మీదున్న సంసోనును అడిగితే అతడూ తలూపాడు. టైరు పగిలిన మాట అబద్ధం కాదు. కానీ అది రాతికి గుద్దుకున్నాక పగిలింది. అంతకు ముందే అతని కళ్ళు మూసుకుపోయాయి.

గాయం మానింది గానీ సంసోను మళ్ళీ బండి తాళం ముట్టలేదు. బీదరు మంగల్‌పేటలోని రెండు గదుల ఇంట్లో గోడకానుకుని కూర్చునేవాడు. ఎప్పుడైనా కునుకు పడితే ఉలిక్కిపడి, కుడికాలితో లేని బ్రేకును నేలకేసి తొక్కేవాడు. అది చూసి భార్య హేబ్సిబా వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది.

ప్రతి బుధవారం మధ్యాహ్నం హేబ్సిబా జగదేవి ఇంటికి వెళ్ళేది. జగదేవి నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆమె వరండాలో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరి సరదాగా బొంతలు కుట్టేవారు. ఒక బుధవారం బట్టల మూట బరువుగా ఉందని సాకు చెప్పి హేబ్సిబా భర్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. మూట దించి అతడు స్తంభానికానుకుని నిలబడ్డాడు.

"ఏం సంసోనూ, ఆ స్తంభం పడ్తదని పట్టుకున్నవా? కూసో. జర సూదిల దారం ఎక్కియ్యి. మా కండ్లు పోయినయి," అంది జగదేవి.

పన్నెండేళ్ళు రోడ్డును చూసిన కళ్ళు. ఒక్కసారికే దారం ఎక్కింది.

"అబ్బ! నలభై ఏండ్లాయె, మా ఆయనకు ఒక్క సూది ఎక్కియ్య రాలే," అంది పక్కనున్న అంబమ్మ. "హేబ్సిబా, ఈయన్ని మాకిడిసిపెట్టి నువ్వు ఇంటికి పో."

ఆడవాళ్ళంతా నవ్వారు. సంసోను నవ్వలేదు గానీ లేచి పోనూ లేదు.

మరుసటి బుధవారం దిండంత ముక్క ఒకటి అతని చేతిలో పెట్టారు. నేర్పేదాకా ఆగకుండా నడిమధ్యన సూది దించి బయటి వైపుకు కుట్టుకుంటూ పోయాడు. అంచు చేరేసరికి బట్టంతా మధ్యలో పోగుపడింది.

"ఇదేం బొంత నాయినా, ఏడో నెల కడుపు లెక్క ఉబ్బింది!" అంది జగదేవి. "అంచు పట్టుకొని సుట్టు తిరగాలె. ఒక సుట్టు అయినంక లోపట ఇంకొక సుట్టు. నడిమికి ఆఖర్కి వస్తవ్. ముందుగల్లనే నడిమిట్లకు దుంకితే బట్ట నీ మాట ఇంటదా?"

"ఇప్పి మల్ల కుట్టన్నా, ఏం గాదు," అంది అంబమ్మ. "నేను మొదటిది నాలుగు సార్లు ఇప్పిన. ఇప్పటికి గూడ మా కోడలు దాని మీద కాళ్ళు తుడుసుకుంటది."

సంసోను విప్పాడు. మళ్ళీ కుట్టాడు. వేలికి సూది గుచ్చుకుంటే అంబమ్మ పసుపు తెచ్చింది. కుట్టు వంకరపోతే జగదేవి వేలితో గీత గీసి చూపేది. వానాకాలం గడిచేసరికి అతని కుట్లు బియ్యపు గింజల్లా ఒకే తీరుగా పడటం మొదలైంది. సూది చేతిలో ఉన్నంతసేపు కునుకు వచ్చేది కాదు, కాలు బ్రేకు వెతికేది కాదు. ఆ బుధవారాల కోసమే అతడు మిగతా ఆరు రోజులు ఎలాగో వెళ్ళదీస్తున్నాడని హేబ్సిబాకు అర్థమైంది.

దసరా పోయాక సంసోను ఒక సంచి తెచ్చి జగదేవి ముందు పెట్టాడు. బజారులో కొన్న కొత్త పూల బట్ట. "పెద్ద బొంత కుడ్తా అక్కా. బగ్దల్ల ఒక ఇంటికి ఇయ్యాలె," అన్నాడు.

ఏ ఇల్లో అందరికీ తెలుసు. అంబమ్మ సూది ఆగిపోయింది. జగదేవి ఆ బట్టను వేళ్ళ మధ్య నలిపి చూసి, మడిచి సంచిలో పెట్టేసింది.

"కొత్త బట్ట సూడనీకె మంచిగనే ఉంటది. కని ఆ ఇంట్ల కట్టి ఇడిసిన బట్ట ఒక్కటన్న లేకుంటే అది ఆ ఇంటి బొంత ఎట్లయితది? దుకాణంల దుప్పటి కొనిచ్చినట్టయితది. మా అమ్మ కాలం నుంచి గిదే రివాజు. పోయి అడుక్కరా."

"నేనా?"

"మరి నేనా? కుట్టేది నువ్వు కదా."

రెండు బుధవారాలు అతడు వరండా వైపు రాలేదు. "ముఖం సూపెట్టనీకె భయమైతాందా?" అని అడిగింది హేబ్సిబా. "టైరు పగిల్తే నువ్వేం జేస్తవ్?" ఆ మాటకు సంసోను చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. నేరుగా బస్సెక్కి బగ్దల్‌లో దిగాడు.

గురునాథ్ భార్య రాచమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. బీదరు నుంచి వచ్చానని, నలుగురం కలిసి బొంతలు కుడతామని, పాత బట్టలిస్తే ఈ ఇంటికీ ఒకటి కుట్టి ఊరికే ఇస్తామని అప్పజెప్పినట్టు చెప్పాడు. పేరు చెప్పలేదు. ఎందుకు మా ఇంటికే అని ఆమె అడగలేదు. లోపలికి వెళ్ళి మూట తెచ్చింది. చివికిన రెండు చీరలు, పిల్లల గౌన్లు, ఒక పంచె. మళ్ళీ లోపలికి వెళ్ళి గళ్ళ చొక్కా ఒకటి తెచ్చి పైన పెట్టింది.

"ఇది గూడ ఎయ్యి. ఆయనది," అంది. తర్వాత అతని చేతుల వైపు చూసింది. "మొగోనివి, సూది ఎట్ల పట్టినవన్నా?"

"మొదలు ఏరే పని ఉండె."

"ఏం పని?"

"బండి నడిపేది."

రాచమ్మ చేటలో గింజలు కాసేపు అటూ ఇటూ కదిపింది. "టైరు గట్ల ఊకెనే పగుల్తదా అన్నా?"

చెప్పాలనే వచ్చాడు. బస్సులో దారి పొడుగునా ఆ మాటలే కూడబలుక్కున్నాడు. నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "పగుల్తదమ్మా. ఎండకు పగుల్తది."

"అవునా," అని ఆమె మళ్ళీ చెరగడంలో పడింది.

బొంత పూర్తవడానికి చలికాలమంతా పట్టింది. అంచు చుట్టూ రాచమ్మ చీరలు, లోపల గౌన్లు, పంచె. గళ్ళ చొక్కాను అతడు నడుమ కోసమని ఆపుకుంటూ వచ్చాడు. ఒక్కొక్క చుట్టు లోపలికి వస్తున్నకొద్దీ అతని సూది నెమ్మదించింది. కడపటి బుధవారం చొక్కా చుట్టూ కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. ఆ సాయంత్రం హేబ్సిబా మూట పట్టుకుని అతనితో ఇంటికి నడిచింది. గడప దాటాక అతడే అన్నాడు.

"టైరు మొదలు పగల్లే హేబ్సిబా. నేను నిద్రపోయిన."

ఆమె మూట దించి అతని వైపు తిరిగింది. "నాకెందుకు చెప్తున్నవ్?" అంది. "నాకు చెప్పి ఏం లాభం?"

మర్నాడు అతడు బొంత తీసుకుని బగ్దల్ వెళ్ళాడు. రాచమ్మ బొంతను ఎండలో మంచం మీద పరిచింది. అంచు మీద చెయ్యి వేసి, చుట్టు వెంట చుట్టు తడుముకుంటూ లోపలికి వచ్చి, గళ్ళ దగ్గర ఆగింది.

"నడుమ పెట్టినవ్."

"అమ్మా, నా పేరు సంసోను. ఆ దినం బండి నేనే నడిపిన. టైరు మొదలు పగల్లే. నాకు నిద్రొచ్చింది. బండి పోయి రాయికి తగిలినంక పగిలింది."

ఆమె చెయ్యి చొక్కా మీంచి కదలలేదు.

"నిద్రపోయినవా," అంది. అడిగినట్టు లేదు.

"అవ్."

"ఆయన?"

"ఆయన గూడ పండుకునే ఉండె. నా ఎనక సీట్లనే. అద్దంల కనబడుతుండె."

రాచమ్మ బొంతను మడిచింది. రెండు మడతలు, మళ్ళీ రెండు. గుండెలకు పట్టుకుని లేచింది. "కూసో. చాయ్ పెడ్త," అని లోపలికి వెళ్ళింది.

అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. స్టవ్ పంపు కొట్టిన చప్పుడు. తర్వాత రెండు కప్పులు కడిగిన నీళ్ళ చప్పుడు. సంసోను గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. చూస్తూ చూస్తూనే లేచాడు. చెప్పులు తొడుక్కుని, తడిక చప్పుడు కాకుండా తీసి బయటికి వచ్చాడు. సందు మలుపు తిరుగుతుంటే వెనక నుంచి రాచమ్మ గొంతు వినిపించింది.

"అన్నా, శక్కర ఎక్కువెయ్యాల్నా?"

అతడు బస్సు కోసం కూడా ఆగలేదు. బీదరు రోడ్డు పట్టుకుని నడుస్తూ పోయాడు.