గంగమ్మ కాయిన్, పిన్ని ముడుపు

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కింద వాటాలో ఉండే నూకాలు పిన్ని ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. హార్బర్‌లో చేపలు అమ్ముకునే ఆమె ఖాళీగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

బాబాయి సముద్రం మీద వేటకి వెళ్ళినప్పుడల్లా పిన్ని గంగమ్మ తల్లికి పసుపు గుడ్డలో ముడుపు కడుతుంది. ఆయన క్షేమంగా తిరిగొచ్చాకే దాన్ని గుడిలో ఇస్తుంది. ఈసారి అచ్యుతాపురంలో పనిచేసే పిన్ని తమ్ముడు వచ్చి, ముడుపు ముందే విప్పించి, ఆ డబ్బుతో ఫోన్‌లో 'గంగమ్మ కాయిన్' అనే క్రిప్టో కొనిపెట్టాడు. కొంటే మొక్కు చెల్లినట్టేనట, పైగా పెరుగుతుందట.

"పాపా, ఇంగ్లీషు సదివినావు గదా. ఈ ఎర్రగీత కిందకి పోతందేటే? అమ్మోరికి కోపమొచ్చినాదేటి?"

"అది రేటు పిన్నీ. కొనేవాళ్ళు తగ్గితే పడిపోతుంది. అమ్మవారికి సంబంధం లేదు."

"సమ్మందం నేకపోతే నా ముడుపు ఎవులికి ముట్టినట్టే?"

ఫోన్ తీసుకుని ఆ కాయిన్ పేజీ కిందకి జరిపాను. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో 'ఇది సరదాకి మాత్రమే' అని ఉంది. అది ఆమెకు చదివి వినిపించలేకపోయాను. బాబాయి వెళ్ళిన బోటు నిన్ననే రావాలి. ఇంకా రాలేదు.

అమ్మవారి కోపాన్ని నిమిషనిమిషానికీ గీత గీసి చూపించే సదుపాయం వచ్చిందని ఈ రోజే తెలిసింది. పిన్ని ఇంకో గుడ్డకి పసుపు రాస్తోంది. మధ్యలో విప్పిన ముడుపు మళ్ళీ కట్టొచ్చా? తెలిసినవాళ్ళు కామెంట్లో త్వరగా చెప్పండి. కింద ఆమె నా కోసం చూస్తోంది.