తమక నుంచి వచ్చిన పెద్దాయన

ఫార్మసీ చదువుతున్న మా మనవరాలు నిన్న మధ్యాహ్నం, దేశమంతటి ఫార్మసిస్టుల సంఘంలో చేరితే మనకేం ఒరుగుతుందవ్వా అని అడిగింది. కిటికీ అవతల బంగారు గనుల మట్టిదిబ్బలు ఎండలో తెల్లగా మెరుస్తుంటే, వాటిని చూస్తూ చూస్తూ నలభై ఏళ్లు వెనక్కి జారిపోయాను.

అప్పట్లో ఈ గనుల ఊళ్లోనే రాబర్ట్‌సన్‌పేట బజారులో ఒక మందుల షాపులో పనిచేసేదాన్ని. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో దిగే మా నాన్నకు, కూతురు తెల్లకోటు వేసుకుని కౌంటరు వెనక నిలబడడమంటే ఎంత మురిపెమో, షిఫ్టు ముగిశాక చుట్టుదారైనా సరే షాపు ముందు నుంచే నడిచి, పలకరించకుండా ఒకసారి చూసి పోయేవాడు. ఆ రోజులన్నీ ఇప్పుడు లవంగనూనె వాసనలో కలిసిపోయి, మంచులో కనబడే వీధిలా లీలగా ఉంటాయి.

ఒకనాడు ఒక ముసలమ్మ చంటి మనవడికని చీటీ తెచ్చింది. చూస్తే అది పెద్దవాళ్లకిచ్చే మోతాదు. డాక్టరు రాసింది ఇవ్వడమే మన పనని షాపు యజమాని సీసా అందుకోబోయాడు. నేను చీటీ తీసుకుని, ముసలమ్మను వెంటబెట్టుకుని, రెండు వీధుల అవతలున్న ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను. నాకు పాఠం చెప్పేటంత దానివా అని ఆయన అందరి ముందూ కసురుకున్నాడు గానీ, అంకె కొట్టేసి మళ్లీ రాశాడు. బిడ్డ నాలుగు రోజుల్లో కోలుకున్నాడు. నన్ను మాత్రం నెలాఖరుకు మానుకోమన్నాడు యజమాని. నేనున్నంతకాలం తన చీటీలు ఆ షాపుకు రావని డాక్టరు కబురు పెట్టాడట.

నాన్నకు చెప్పే ధైర్యం లేక, నేను చేరిన ఆ ఫార్మసిస్టుల సంఘానికి ఒక ఉత్తరం రాసి పడేశాను. ఎక్కడో ఉన్న పెద్దవాళ్లు నా వంటిదాని గోడు వింటారనుకోలేదు. వారం తిరిగేసరికి, జిల్లా శాఖ చూసుకునే పెద్దాయన, ఆసుపత్రిలో మందులిచ్చి రిటైరైన మనిషి, తమక అనే ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు. చేతిలో నన్ను సమర్థిస్తూ సంఘం ప్రధాన కార్యాలయం పంపిన ఉత్తరం. యజమానినీ నన్నూ డాక్టరు గదికి తీసుకుపోయి, నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని, జరిగింది నా నోటితోనే చెప్పించాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు:

"తప్పు యాడ ఉండాదో చూసి చెప్పేదే ఈ పాప పని. అదే తప్పంటే ఎట్లప్పా? మా సంఘమంతా ఈ పాప ఎనకాలే ఉండాది."

డాక్టరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. తలెత్తి, యజమానిని కాదు, నన్ను చూశాడు.

"ఇంగ మీదట అనుమానమొస్తే ఇట్లే రామ్మా."

ఆ షాపులో మరో పదకొండేళ్లు పనిచేశాను. పెద్దాయన పోయాక, ఆయన ఎక్కిన బస్సులే ఎక్కి, నా వంటి ఆడపిల్లల పక్కన సంఘం తరఫున నేనూ వెళ్లి కూర్చున్నాను.

గనులు మూతపడ్డాయి. మందులిప్పుడు గుమ్మం ముందుకే వస్తున్నాయి. తెచ్చేవాడికి అందులో ఏముందో తెలియదు, పుచ్చుకునేవాళ్లు అడగరు. కదలలేని నా వంటివాళ్లకు అది సుఖమే, కాదనను. కానీ చీటీ చదివి, ఒక్క క్షణం ఆగి, బిడ్డకెన్ని నెలలమ్మా అని అడిగే మనిషి మన మధ్య నుంచి ఎప్పుడు లేచి వెళ్లిపోయిందో, మన వయసువాళ్లలో ఎవరైనా గమనించారా?