గప్‌చుప్ సారూ, హరిత భవనమూ

లెక్కల మాస్టారిని పిల్లలు గప్‌చుప్ సార్ అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. దాన్ని బిరుదులాగే మోశాడు.

ఆయన క్లాసులో ఎవరూ కదలరు. తుమ్ము వచ్చినవాడు అనుమతి కోసం ఆయన ముఖం చూస్తాడు. అనుమతి వచ్చేలోగా తుమ్మే వెనక్కి పోతుంది. బతుకులో ఆయన సాధించింది ఇదొక్కటే. ఇందుకు ప్రతిఫలంగా హెడ్మాస్టరు కుర్చీ కావాలని ఆయన కోరిక. పాత హెడ్మాస్టరు ఈ ఏడాదే రిటైరవుతున్నాడు.

అంతలో స్కూలు కొత్త భవనంలోకి మారింది. హరిత భవనం. వాననీళ్లు పట్టే తొట్టి, ఎండను తిప్పికొట్టే తెల్లటి పైకప్పు, వాసన లేని రంగులు. వేడి రాకుండా కిటికీలకు అడ్డపలకలు బిగించారు. వేడితోపాటు వెలుతురు కూడా మర్యాదగా బయటే నిలబడిపోయింది. అందుకని లైట్లు. గదిలో కదలిక ఉంటే వెలుగుతాయి. లేకపోతే మనుషులు లేరనుకుని ఆరిపోతాయి.

మొదటి రోజే గప్‌చుప్ సార్ బోర్డు మీద లెక్క వేసి కూర్చున్నాడు. పిల్లలు బిగుసుకుని చూశారు. కాసేపటికి లైట్లు ఆరిపోయాయి. ఎవరూ కదల్లేదు.

పక్క గది ఒకటో తరగతి. టీచరు ఆయన భార్యే. అక్కడ లైటు ఆరిన పాపాన పోలేదు.

"ఏమండీ, కాస్త చెయ్యి ఊపితే మీ సొమ్మేం పోయింది?" అందామె ఇంట్లో కూరగాయలు తరుగుతూ.

"లైటు కోసం నేను గెంతాలా?"

"మీరొద్దు. పిల్లల్ని కదలనివ్వండి. ఆ గదిలో మనుషులున్నారని గోడక్కూడా తెలియట్లేదు."

"కదలకుండా కూర్చున్నవాళ్లే బాగుపడతారు."

"నేను మీ క్లాసులో చదవలేదు లెండి. అందుకే ఇలా ఉన్నా."

కరస్పాండెంట్ మాత్రం తేల్చి చెప్పాడు. "హరిత భవనాలకిచ్చే ఫలకం మన గేటుకి రావాలి మాస్టారూ. తెప్పించినవాళ్లదే కుర్చీ."

ఫలకం కోసం తనిఖీ అధికారి వచ్చే వేళకు గది చీకటిగానే ఉంది. గప్‌చుప్ సార్ గుమ్మం వైపు చూశాడు. లైటు కోసం చెయ్యి ఎత్తబోయాడు. సగంలో ఆపి కాలరు సర్దుకున్నాడు.

అధికారి గుమ్మంలోకి రాగానే పిల్లలు లేచి నిలబడ్డారు. లైట్లు వెలిగాయి. అధికారి తన చేతిలోని ట్యాబ్‌లో గది కరెంటు లెక్క చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"ఈ గదిలో కరెంటు వాడకం దాదాపు లేనే లేదు! ఏం చేస్తారు సార్ మీరు?"

"క్రమశిక్షణ."

"అద్భుతం. పక్క గదిలో అంతా దుబారా."

"మా గదిలో పిల్లలున్నారండీ," అంది భార్య, గుమ్మం దగ్గర్నుంచి.

"పిల్లలున్నా వీలవుతుందని ఈయన నిరూపించారు కదమ్మా!"

ఫలకం వచ్చింది. కుర్చీ వచ్చింది. అన్ని తరగతులూ గప్‌చుప్‌గా ఉండాలన్నది కొత్త హెడ్మాస్టరు తొలి ఆజ్ఞ.

నెల తిరగకుండా ఒక తల్లి వచ్చింది.

"బోర్డు కనబడట్లేదంటోంది సార్, మా అమ్మాయి."

"కళ్లు చూపించండమ్మా."

"చూపించానండీ. కళ్లు బాగానే ఉన్నాయన్నారు."

హెడ్మాస్టరు ఆలోచించాడు.

"అయితే శ్రద్ధ లేదన్నమాట," అని ఆమెను పంపేశాడు.