శుక్రవారం తీసే గుప్పెడు దూది

మా పక్కింటి పరుపుల బాబాయి పోయాడు. నిన్న సాయంత్రం నేను కొట్టులో ఉండగా హమాలీ ఒకడు వచ్చి చెప్పాడు. దూది ఏకుతూ ఏకుతూ గోడకి చేరగిలబడ్డాడట, మళ్ళీ లేవలేదట. వింటూనే కుడికాలు చాపి, చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా లేచాను. ఇప్పుడు ఆ జాగ్రత్త అక్కర్లేదు. కానీ ఆయన నేర్పిన లేవడం అదే.

నాకు పెద్దగా మాటలు రావు. మిర్చి కొట్టులో రోజువారీ లెక్కలు రాసేవాణ్ణి. మోకాటికి కోత పడి, మంచం మీద ఉండలేక ఉండేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, వాళ్ళకి ఈ మనిషి సంగతి తెలియాలని రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట మిరపకాయల బస్తాల దొంతర మీంచి జారాను. పాదం బస్తాల మధ్య ఇరుక్కుంది, ఒళ్ళు పక్కకి తిరిగింది. మోకాట్లో ఎముకల్ని పట్టి ఉంచే పట్టీ తెగిందని గుంటూరులో ఆపరేషను చేశారు. పిండికట్టు విప్పేసరికి కాలు కందికట్టెలా ఉంది. మడత పడదు.

"నేను కుట్టాను. అతుక్కోవడానికి దాని టైము దానికివ్వాలి. కొంచెం కొంచెంగా వంచండి, వాపొస్తే ఆగండి," అన్నారు డాక్టరు గారు.

కానీ గుమాస్తా పని నేల మీద బాసింపట్టు వేసుకుని, రాతపెట్టె ముందు కూర్చుని చేసేది. కొత్త మిరప యార్డుకి దిగేనాటికి కూర్చోలేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని కొట్టు షావుకారు గారు కబురు పంపారు. ఆ రోజు నుంచి నాకు నిలకడ పోయింది. వీధిలో బండి చప్పుడైతే చాలు, కాయలు దిగాయేమోనని లేచేవాణ్ణి. మా ఆవిడ అడ్డొస్తే కసురుకునేవాణ్ణి.

బాబాయి ఒక ఎత్తైన మెత్త కుట్టి తెచ్చాడు. దాని మీద కూర్చుంటే మోకాలు సగమే వంగుతుంది. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వస్తూ మా ఇంట్లోకి వచ్చేవాడు. అరచేతి వెనక భాగం నా మోకాలి మీద పెట్టి చూసేవాడు. వాపు వేడి లేక చల్లగా ఉంటే కుట్టు కాస్త విప్పి గుప్పెడు దూది తీసి, మళ్ళీ కుట్టేవాడు. మెత్త ఆ మేరకు దిగేది, మోకాలు ఆ మేరకు మడత పడేది. డాక్టరు గారికి చెబితే నవ్వి, అలాగే కానివ్వమన్నారు.

కాయలు దిగాయి. వీధంతా ఘాటు. ఉండలేక కర్ర పట్టుకుని యార్డు దాకా నడిచి వచ్చాను. ఆ శుక్రవారం బాబాయి చెయ్యి పెట్టి చూస్తే మోకాలు కాలిపోతోంది. కుట్టు విప్పి, తీసినంత దూదీ మళ్ళీ లోపలికి కూరాడు.

"ఉద్యోగం పోతే నువ్వు పెడతావా నాకు కూడు?" అని అరిచాను.

"పెడతా. నీ ఆకలెంత, నా కుండెంత! కాలు మళ్ళీ తెగితే మాత్రం నేను కుట్టలేనురా. నేను కుట్టేది పరుపులే."

మర్నాడు పొద్దున్నే ఆ మెత్త నెత్తిన పెట్టుకుని కొట్టుకి బయల్దేరాడు. వెనక బండిలో నేను. మెత్త నేల మీద వేసి, రాతపెట్టె కింద ఇటుకలు పేర్చి నన్ను కూర్చోబెట్టాడు.

షావుకారు గారు బయటికొచ్చి, "ఏంది సాయిబూ, గుమాస్తాకి సింహాసనమా?" అన్నారు.

"కాదండీ. వారం వారం దించేస్తాగా. రాతలో తప్పుంటే వీణ్ణి తిట్టండి. కాలు సంగతి మాత్రం నాకొదిలేయండి."

షావుకారు గారు ఇటుకల వంక చూసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు. ఆ తర్వాత శుక్రవారాలు కొట్టులోనే. "బాబాయ్, గుమాస్తా గారు ఇయ్యాల దిగుతారా, ఆడనే ఉంటారా?" అని హమాలీలు ఎకసెక్కాలాడేవాళ్ళు. ఆయన చెయ్యి పెట్టి చూసి, "ఇయ్యాల వేడిగా ఉంది, లేదు పోండి," అనేవాడు. నేను పళ్ళు నూరుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా నా మొహం చూసి దూది తీయలేదు.

ఎండలు ముదిరాక ఒకనాడు మెత్తలో ఏమీ మిగల్లేదు. ఉత్త గలీబు మడిచి భుజాన వేసుకుని, "ఇంక నేనెందుకురా ఇక్కడ," అని వెళ్ళిపోయాడు.

మంచంలో ఉన్న రోజుల్లో ఆయన పని కట్టేసే చప్పుడు గోడ అవతల్నుంచి వినబడేది. రోజూ పొద్దుగుంకే వేళకి దూది ఏకే విల్లు నారి వదులు చేసేవాడు. "దీన్ని పడుకోబెట్టానురా. నువ్వూ పడుకో," అని కేకేసేవాడు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి లోపల ఆడవాళ్ళ ఏడుపు. అరుగు మీద సగం ఏకిన దూది అలాగే ఉంది. పక్కన విల్లు. నారి బిగించే ఉంది. పొద్దుగుంకుతోంది. ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మోకాలు పూర్తిగా మడత పడింది. విల్లు ఒళ్ళో పెట్టుకుని నారి వదులు చేశాను. ఆ కదలికకి దూదిపింజ ఒకటి లేచి, మెల్లగా తిరిగి, నా మోకాలి మీద వాలింది. దులుపుకోలేదు.